కంపెనీకి కష్టమొస్తే జవాబు చెప్పేది కిరాణా కొట్టే

సంపాదకులకు నమస్కారం.

ఆపద వచ్చినప్పుడు బ్రాండ్లు వినియోగదారులను ఎలా నిలుపుకుంటాయో చెబుతూ మీ బిజినెస్ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ప్రకటనల గురించి, సోషల్ మీడియా గురించి, సినిమా తారల ప్రచారం గురించి వివరంగా రాశారు. కిరాణా కొట్టు ఊసు మాత్రం ఎక్కడా లేదు. పాలకొల్లులో మా మామగారు పెట్టిన కొట్టును ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఏ సరుకు మీద చెడ్డ వార్త వచ్చినా జనం మొదట అడిగేది కంపెనీని కాదు, గల్లా దగ్గర కూర్చున్న మమ్మల్నే.

2015లో మ్యాగీ గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో తీసిన శాంపిల్‌లో సీసం 17.2 పీపీఎం (పది లక్షల వంతుల్లో 17.2 వంతులు) ఉందనీ, ఉండాల్సింది 2.5కు లోపేననీ వార్త వచ్చింది. వారాల తరబడి టీవీల్లో అదే చర్చ. కంపెనీ మాత్రం 'మా సరుకు సురక్షితం' అనే ముక్తసరి ప్రకటనలతో సరిపెట్టింది. దాని ప్రపంచ స్థాయి అధిపతి ఢిల్లీ వచ్చి విలేకరులతో మాట్లాడేసరికి జూన్ 5 అయింది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దాన్ని మార్కెట్ నుంచి తీసేయమన్నదీ ఆ రోజే. ఈలోగా మా వీధి పెద్దావిడ ఒకరు వచ్చి, "ఏమ్మా, మొన్న మా మనవడికి రెండు ప్యాకెట్లు చేసిపెట్టాను, ఏమీ కాదు కదా?" అని అడిగారు. సీసం ఎంత తింటే ప్రమాదమో, ఎన్నాళ్లు తింటే ప్రమాదమో ఆవిడకు నేనేం చెప్పగలను? చెప్పగలిగినవాళ్లు ఆ రోజుల్లో నోరు విప్పలేదు.

ఆ తర్వాత కంపెనీవాళ్లు చేసిన పని మాత్రం గట్టిది. కొట్లలో ఉన్న సరుకంతా వెనక్కి తీసుకున్నారు. దేశం మొత్తం మీద 30,000 టన్నులకు పైగా సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో తగలబెట్టించారు. మా డీలరు ప్యాకెట్లు లెక్కపెట్టుకుని పట్టుకెళ్లి, ఆ డబ్బు మరుసటి బిల్లులో తగ్గించాడు. అరలు ఖాళీ అయ్యాక జనం కూడా కుదుటపడ్డారు. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు నిషేధాన్ని కొట్టేసి, మళ్లీ పరీక్షలు చేయించమంది. మొహాలీ, జైపూర్, హైదరాబాద్ ల్యాబ్‌లలో పరీక్షలు జరిగాయి, సీసం పరిమితిలోనే ఉందని తేలింది. నవంబరులో అమ్మకాలు మొదలయ్యాయి. అప్పుడు నాకు పనికొచ్చింది టీవీ ప్రకటన కాదు, 'మన హైదరాబాద్‌లో కూడా పరీక్ష చేశారండీ' అన్న ఒక్క మాట. అది విన్నాక కొనేవాళ్ల ముఖంలో అనుమానం తగ్గడం నేను చూశాను. కానీ ఆ సంగతి నేను పేపరు చదివి తెలుసుకున్నదే. ఒక అట్ట మీద తెలుగులో రాసి ప్రతి కొట్టుకూ పంపడానికి ఎంత ఖర్చవుతుంది?

మంచి ఉదాహరణ ఒకటి కూడా చెప్పాలి. 2020 మార్చిలో కరోనా మొదలైనప్పుడు లైఫ్‌బాయ్ పేరు మీద పత్రికల్లో ఒక ప్రకటన వచ్చింది. మా సబ్బే కొనమని కాదు, దగ్గర్లో ఏది ఉంటే దానితో చేతులు కడుక్కోండి అని. లక్స్, డెట్టాల్, సంతూర్, గోద్రెజ్ నంబర్ వన్ అంటూ పేర్లు కూడా చెప్పారు. లక్స్ వాళ్ల సొంతదే అయినా మిగతావి పోటీ కంపెనీలవి. అదే నెలలో లైఫ్‌బాయ్ కంపెనీకీ, డెట్టాల్ కంపెనీకీ ఒక ప్రకటన విషయమై కోర్టు తగాదా నడిచింది కూడా. అయినా ఆ మాట చెప్పారు. అప్పుడు శానిటైజర్ కోసం జనం ఎగబడుతున్నారు. 200 మిల్లీలీటర్ల సీసా 100 రూపాయలకు మించకూడదని కేంద్రం ధర కట్టినా సరుకు దొరికేది కాదు. సీసా లేదంటే కంగారుపడేవాళ్లకు పేపర్లో ఆ ప్రకటన చూపించి, 'ఇంట్లో ఉన్న సంతూర్ చాలండీ' అని చెప్పి పంపాను. నాకు నచ్చిందేమిటంటే, అది కొనేవాడి భయాన్ని తగ్గించడానికి రాసిన ప్రకటన. కొట్టువాళ్ల చేతికి ఒక జవాబునిచ్చిన ప్రకటన.

ఇలాంటివి అరుదు. 2024 ఏప్రిల్‌లో మన దేశపు మసాలా పొడులు కొన్నింటిలో ఇథిలీన్ ఆక్సైడ్ అనే పురుగుమందు రసాయనం ఉందని హాంకాంగ్, సింగపూర్ అధికారులు చెప్పినప్పుడు ఇక్కడ కూడా జనం అడిగారు. లైనుకు వచ్చే సేల్స్ కుర్రాళ్లు ఎప్పటిలాగే ఆర్డరు రాసుకుని, కొత్త స్కీము చెప్పి వెళ్లారు. పాపం వాళ్లకూ ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒక కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోను చేస్తే హిందీ, ఇంగ్లీషు తప్ప తెలుగు మాట వినబడలేదు.

వ్యాసకర్త తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. పల్లెల్లో చిన్న బడ్డీకొట్ల వాళ్లు డీలరు దగ్గర కొనరు. టౌనుకొచ్చి హోల్‌సేల్ కొట్లో ఒక డజనో రెండు డజన్లో కొనుక్కుని సంచిలో వేసుకుని పోతారు. చాలాసార్లు బిల్లు కూడా ఉండదు. కంపెనీ సరుకు వెనక్కి తీసుకుంటుందన్నప్పుడు డీలరు తాను బిల్లు వేసిన సరుకునే తీసుకుంటాడు. హోల్‌సేల్ కొట్టువాడు, 'నేను నీకెప్పుడిచ్చాను?' అంటాడు. రెండు మూడు వందల రూపాయల సరుకు పారేస్తే ఆ బడ్డీకొట్టు ఆమెకు ఆ రోజు సంపాదన పోయినట్టే. అందుకని ఆ ప్యాకెట్లు అరలోనే ఉంటాయి, బడికి పోయే పిల్లలే కొంటారు. ఆహార పదార్థాల రీకాల్‌కు, అంటే ఇలా వెనక్కి తీసుకోవడానికి, 2017లోనే నిబంధనలు వచ్చాయి, సంతోషం. కానీ అవి ఆ బడ్డీకొట్టు దాకా దిగకపోతే ఆ పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

కంపెనీలను నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. సరుకు మీద వార్త వచ్చిన రోజే తెలుగులో ఒక కాగితం పంపండి. ఏ బ్యాచ్, ఏ తేదీ, తిన్నవాళ్లు ఏం చేయాలి, అంతే. తెలుగులో పలికే ఫోను నంబరు పెట్టండి. వెనక్కి తీసుకునేటప్పుడు బిల్లు అడగకండి, ప్యాకెట్ మీద మీ పేరు ఉంటే చాలదా?

మీ పత్రికను అడిగేదీ ఒకటుంది. ఏ ఆహార పదార్థాన్నయినా రీకాల్ చేసినప్పుడు దాని పేరు, బ్యాచ్ నంబరు జిల్లా పేజీలో, గళ్ల నుడికట్టు పక్కన పెద్ద అక్షరాల్లో వేయండి. కత్తిరించి కొట్టు ముందు అంటిస్తాను.

ఇట్లు,
ఒక కిరాణా దుకాణదారు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా