ఫొటోతో పాటు దాని వెనుక కథనూ ముద్రించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పాఠకులు పంపే ఫొటోలకు మీ ఆదివారం సంచికలో అర పేజీ కేటాయించడం నాలాంటి ఔత్సాహికులకు ఎంతో సంతోషం కలిగించే విషయం. ఆ పేజీని నేను మొదటి నుంచీ చూస్తున్నాను; నావి కూడా రెండు ఫొటోలు అందులో వచ్చాయి. అయితే అక్కడ నాకు తోచిన ఒక లోటును మీ దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫొటో పైన ‘అమ్మ ప్రేమ’ అనో, ‘ప్రకృతి ఒడిలో’ అనో రెండు మాటలు పెడతారు, కింద తీసినవారి పేరు వేస్తారు, అంతటితో సరి. ఆ ఫొటో ఎలా దొరికిందో, దానికి ముందు ఏం జరిగిందో, కెమెరా కిందికి దించాక ఏమైందో ఎక్కడా ఉండదు. తీసిన మనిషి చేతనే నాలుగైదు వాక్యాలు రాయించి ఫొటో పక్కన వేయవలసిందని నా మనవి.

నా ఫొటోనే ఉదాహరణగా తీసుకుంటాను. మా అమ్మ సూదిలో దారం ఎక్కిస్తున్న ఫొటోను మీరు ‘పనిలో లీనం’ అన్న శీర్షికతో వేశారు. చూసినవారికి అందులో కనిపించేవి ఒక పెద్దావిడ చేతులు, ఒక సూది, కిటికీలోంచి పడుతున్న వెలుతురు. కానీ రెండు కళ్లలోనూ శుక్లాలు ముదరడంతో ఆమె కుట్టుపని మానేసి అప్పటికి నాలుగేళ్లయింది. ఆపరేషన్ జరిగిన మూడో వారంలో ఒక ఉదయం, ఎవరికీ చెప్పకుండా, పాత డబ్బాలోంచి సూదీ దారం తీసి కిటికీ దగ్గర కూర్చుంది. నేను గుమ్మం బయట నిలబడి ఉన్న సంగతి ఆమెకు తెలియదు. ఆరుసార్లు దారం పక్కకు జారిపోయింది. కొసను నోట తడిపి, వేళ్ల మధ్య నలిపి, ఏడోసారి ఎక్కించింది. మీరు ముద్రించినది ఆ ఏడోసారి తీసిన ఫొటో కాదు, నాలుగోసారి తీసినది. ఏడోసారికి నా చెయ్యి వణికి బొమ్మ అలికినట్లయింది. ఇదంతా తెలియకపోయినా ఫొటో బాగానే ఉందని ఎవరైనా అంటే కాదనను. అయినా, పులి ఎదురైతే పిలవకుండానే అందరూ ఆగి చూస్తారు గానీ, సూదిలో దారం ఎక్కించడాన్ని ఆగి చూడాలంటే ఒక కారణం కావాలి. ఆ కారణం తీసినవారి దగ్గరే ఉంటుంది.

అది చెప్పకుండానే వెళ్లిపోయినవారిలో వివియన్ మాయర్ ఒకరు. ఆమె చికాగోలో ఇళ్లలో పిల్లలను చూసుకునే ఆయాగా పనిచేస్తూ, వీధుల్లో తిరిగి లక్షకు పైగా ఫొటోలు తీసింది. వాటిని దాదాపు ఎవరికీ చూపలేదు. అద్దె కట్టలేకపోయిన గోదాములోని ఆమె సామాను 2007లో వేలానికి రావడంతో అవి బయటపడ్డాయి. 2009లో ఆమె మరణించింది. నేడు ఆ ఫొటోలు పెద్ద పెద్ద ప్రదర్శనశాలల గోడల మీద ఉన్నాయి గానీ, ఫలానా వీధి మలుపులో ఆ రోజు ఆమె ఎందుకు ఆగిందో చెప్పేవారు లేరు. ఎవరికి తోచిన ఊహ వారు చేస్తున్నారు. ఆ ఊహల్లో ఆమె కంటే ఊహించేవారే ఎక్కువగా కనిపిస్తారని నా అనుమానం.

ప్రయాణపు ఫొటోలలో అన్నిటికంటే దూరాన తీసిన వాటి సంగతీ ఇంతే. 1968 డిసెంబర్ 24న అపోలో 8 నౌక చంద్రుని చుట్టూ తిరుగుతుండగా, చంద్రుని అంచు మీదుగా పైకి వస్తున్న భూమిని రంగుల ఫిల్మ్‌పై తీసిన విలియం ఆండర్స్ వృత్తిరీత్యా వాయుసేన పైలట్. అసలు పని చంద్రుని నేలను ఫొటోలు తీయడం కాగా, కిటికీలో అనుకోకుండా భూమి కనిపించేసరికి ఆయన రంగుల ఫిల్మ్ ఇమ్మని తోటివారిని తొందరపెట్టవలసి వచ్చింది. ఆ ఫొటో తీసినది ఆయనా, నౌకాధిపతి ఫ్రాంక్ బోర్మనా అన్న విషయంలో చాలాకాలం సందిగ్ధం ఉండి, చివరికి నౌకలో రికార్డయిన మాటల ఆధారంగానే తేలింది. అచ్చులో సాధారణంగా మనం చూసేటప్పుడు చంద్రుని నేల కింద ఉంటుంది గానీ, ఆండర్స్ దృష్టిలో ఆ నేల కుడి పక్కన గోడలా నిలువుగా ఉంది. అంత ప్రసిద్ధమైన ఫొటోకే తీసినదెవరో, పై వైపు ఏదో మాటల సాయంతో తెలుసుకోవలసి వస్తే, రైలు కిటికీలోంచి మేము తీసే ఫొటోల సంగతి చెప్పాలా!

వన్యప్రాణుల ఫొటోల విషయంలో ఈ అవసరం మరింత ఎక్కువ. జార్జ్ షైరస్ అనే అమెరికా న్యాయవాది రాత్రివేళ పడవ ముందు దీపం పెట్టుకుని, నీటి అంచున ఉన్న జింకలను ఫ్లాష్ వెలుగులో తీశాడు. 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయనవి 74 ఫొటోలు ప్రచురించింది. వాటిలో కొన్ని జింకలు మన వైపే కన్నార్పకుండా చూస్తున్నట్లు ఉంటాయి. దీపం వెలుగుకు జంతువు నిశ్చేష్టమై నిలబడిపోవడాన్ని వేటగాళ్లు వాడుకునేవారనీ, ఒకప్పుడు తానూ వేటాడిన షైరస్ అదే ఉపాయాన్ని తుపాకీ బదులు కెమెరాకు వాడాడనీ తెలిశాక ఆ చూపు మరోలా కనిపిస్తుంది. ఇక 2009లో ఒక ప్రసిద్ధ అంతర్జాతీయ వన్యప్రాణి ఫొటో పోటీలో, చెక్క గేటు మీదుగా దూకుతున్న తోడేలు ఫొటోకు ప్రథమ బహుమతి వచ్చింది. ఆ తోడేలు మచ్చిక చేసిన జంతువు కావచ్చని నిర్ణేతలు నిర్ధారణకు రావడంతో 2010 జనవరిలో బహుమతిని రద్దు చేశారు. తీసిన వ్యక్తి మాత్రం ఆ ఆరోపణను అంగీకరించలేదు. ఫొటోలో అబద్ధమేమీ లేదు. నిజమైన తోడేలే, నిజంగానే దూకింది. తగాదా అంతా దాని వెనుక ఉన్న కథ గురించే.

ఇంకొకరి తప్పు చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. మీరు ‘అమ్మ ప్రేమ’ పేరుతో వేసిన పిగిలిపిట్ట గూడు ఫొటో నాదే. తల్లి పిట్ట పురుగును పిల్ల నోట్లో పెడుతున్నది ఎంతో స్పష్టంగా ఉందని చాలామంది మెచ్చుకున్నారు. అంత స్పష్టంగా రావడానికి కారణం, గూటికి అడ్డంగా ఉన్న రెమ్మలను నేను వంచి దారంతో వెనక్కి కట్టడమే. ఫొటోలు తీసుకున్నాక విప్పేద్దామనుకుని, చీకటి పడడంతో మరచి వచ్చేశాను. మర్నాడు ఉదయం వెళ్లేసరికి గూడు ఖాళీగా ఉంది, పక్క కొమ్మ మీద కాకులున్నాయి. నేను ఏం చేశానో రాయమని ఫొటో పంపిన రోజున మీరు అడిగి ఉంటే, నిజం చెప్పడానికి సిగ్గుపడి ఆ ఫొటో పంపకపోయేవాడినేమో. ఏదో ఒకనాడు ఎలా తీశావని అడుగుతారని ముందే తెలిసి ఉంటే, అసలు ఆ రెమ్మల మీద చెయ్యి వేయకపోయేవాడినని మాత్రం నమ్మకంగా చెప్పగలను.

కథ వల్ల మరో ప్రయోజనమూ ఉంది. వేల్ షార్క్ అనే పెద్ద సొరచేప ఒంటి మీది తెల్ల చుక్కల అమరిక ఒక్కొక్క చేపకు ఒక్కొక్క రకంగా ఉంటుంది. ఖగోళ శాస్త్రవేత్తలు నక్షత్రాల ఫొటోలను పోల్చడానికి వాడిన గణన పద్ధతినే మార్చుకుని, మొప్పల వెనుక ఉండే ఆ చుక్కలను బట్టి ఏ చేప ఏదో పరిశోధకులు గుర్తుపడుతున్నారు. అందుకు సరదాగా సముద్రంలో ఈతకు దిగిన యాత్రికులు తీసిన ఫొటోలూ పనికివస్తాయి, ఎక్కడ, ఏ రోజున తీశారో చెబితేనే. అయితే అరుదైన జీవుల విషయంలో అచ్చులో చోటును స్థూలంగా చెప్పి ఊరుకోవడం మంచిది. వేటగాళ్లు కూడా పత్రికలు చదువుతారు.

నాలుగైదు వాక్యాలకు స్థలం ఎక్కడిదని మీరు అడగవచ్చు. వారానికి ఎనిమిది ఫొటోలు వేసే చోట ఐదు వేయండి. కథలు కల్పించి రాస్తారన్న భయం నాకూ ఉంది, రాస్తారు కూడా. కానీ రాసి, పేరు పెట్టి, అచ్చు వేయించుకున్న మాటను తరువాత ఎవరైనా నిలదీసే వీలుంటుంది. మౌనంగా ఉన్న ఫొటోను నిలదీయలేం.

పిగిలిపిట్ట ఫొటోకు అప్పుడు రాయని నాలుగు వాక్యాలను ఈ ఉత్తరంతో జతచేసి పంపుతున్నాను. ఆ ఫొటోను మళ్లీ ఎప్పుడైనా వేసేటట్లయితే, దయచేసి ‘అమ్మ ప్రేమ’ అన్న శీర్షిక తీసేసి, వీటిని కింద వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు