కొత్త లాప్‌టాప్ డబ్బా మీద ఇంకో నాలుగు లైన్లు రాయించండి: కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

బెంగళూరు మారతహళ్లిలో పన్నెండేళ్లుగా కంప్యూటర్లు రిపేరు చేస్తున్నాను. మాది హిందూపురం వైపు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లలు, వాళ్లను చూడ్డానికి ఊళ్ల నుంచి వచ్చే అమ్మానాన్నలు. స్క్రీన్ పగిలిందనో, కీబోర్డు మీద టీ ఒలికిందనో తెస్తే అది నా పని. ఈ మధ్య మాత్రం ఎవరొచ్చినా "అన్నా, స్లో అయింది" అనే అంటున్నారు. చూస్తే పాడైంది ఏమీ ఉండదు. వాళ్లు అడగని ప్రోగ్రాములు తీసేస్తే సరిపోతుంది. దానికి 500 తీసుకుంటాను. కొన్నవాళ్లను అడగకుండా కొత్త లాప్‌టాప్‌లో ప్రోగ్రాములు ఎక్కించి అమ్మడాన్ని ఆపించండని ఈ లేఖ. మీరు ఆ పని చేస్తే ఆ 500 నాకు రాదు. తెలిసే రాస్తున్నాను.

పోయిన నెల మదనపల్లెకు చెందిన ఒక రిటైర్డ్ టీచరు వచ్చారు. ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. లాప్‌టాప్‌ను డబ్బాతో సహా గుడ్డసంచిలో పెట్టుకుని తెచ్చారు. "చూడప్పా, కొని మూడు నెల్లు కాలా. ఆన్ చేసి పోయి స్నానం చేసి రావచ్చు" అన్నారు.

ఆన్ చేశాం. కుడివైపు కింది మూల నుంచి ఎర్ర చీటీ ఒకటి పైకి లేచింది. 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి.' అది వైరసూ కాదు, ప్రోగ్రామూ కాదు. క్రికెట్ స్కోరు చూస్తున్నప్పుడు ఏదో సైట్ 'నోటిఫికేషన్లు పంపమంటారా' అని అడిగితే సార్ సరే నొక్కారు, అంతే. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ఆ సైట్ పేరు కొట్టేస్తే అర నిమిషంలో పోయింది. కానీ అప్పటికే ఆ చీటీని నమ్మి, పెన్షన్ డబ్బుల్లోంచి 1,800 కట్టి ఒక 'క్లీనర్' వేయించుకున్నారు. దాని ఇన్‌స్టాలర్‌లో ముందే టిక్ పెట్టి ఉన్న గడుల పుణ్యమా అని ఇంకో రెండు వెంటబడి వచ్చాయి.

ఆ క్లీనర్‌ను తీసేయబోతే పెద్ద ఆకుపచ్చ బటన్ వచ్చింది, 'రక్షణ కొనసాగించు' అని. దాని కింద బూడిదరంగులో, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనబడని అక్షరాలు: 'వద్దు, నా కంప్యూటర్ ప్రమాదంలో ఉన్నా పర్వాలేదు.' మూడుసార్లు అడిగింది, మూడుసార్లు పర్వాలేదన్నాం. రీస్టార్ట్ చేస్తే మళ్లీ ప్రత్యక్షం. విండోస్‌లో పనులను వాటంతట అవే మొదలయ్యేలా చేసే టాస్క్ షెడ్యూలర్‌లో తన కోసం ఒక పని రాసిపెట్టుకుని పోయింది. అదీ తుడిచేశాక బ్రౌజర్ మెనూ అడుగున ఇంకో మాట మిగిలింది: 'ఈ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోంది.' సార్ చదివి, "ఏ సంస్థప్పా? నేను రిటైరై ఆరేళ్లాయె" అన్నారు. ఆఫీసు కంప్యూటర్ల కోసం పెట్టిన ఏర్పాటును అడ్డం పెట్టుకుని ఆ ప్రోగ్రాం హోమ్‌పేజీకి తాళం వేసేసింది. విండోస్ లోపలి సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలోకి దిగితే తప్ప ఆ తాళం ఊడదు. మామూలు మనిషి అక్కడికి పోలేడు, పోకూడదు కూడా.

ఇలాంటి మోసాలకు మీ శాఖ కిందే పేర్లున్నాయి. 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (స్క్రీన్ మీద జనాన్ని మాయచేసే ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో 13 రకాలు చెప్పారు. లేని వైరస్ ఉందని భయపెట్టి దొంగ క్లీనర్ అంటగట్టడం అందులో ఉంది. వద్దన్నవాణ్ణి సిగ్గుపడేలా చేయడం ఉంది. విసిగించడం ఉంది. చదివినప్పుడు ఎవరో నా షాపులో కూర్చుని రాశారా అనిపించింది.

నా గొడవ అక్కడ దొరకని దాని గురించి. ప్రోగ్రాముల జాబితాను తేదీల వారీగా పెట్టి సార్‌కు చూపించాను. మొదటిసారి ఆన్ చేసిన రోజు తేదీ, అంతకు ముందు తేదీ ఉన్నవన్నీ డబ్బాతో వచ్చినవే. పదకొండు ఉన్నాయి. ఆటలు మూడు, షాపింగ్ సైట్‌కు దారి ఒకటి, కంపెనీ 'అసిస్టెంట్' ఒకటి, 30 రోజుల ట్రయల్ యాంటీవైరస్ ఒకటి, ఇలా. ఆ యాంటీవైరస్ పనిచేస్తున్నంతకాలం విండోస్‌తో ఉచితంగా వచ్చే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. ఆ సంగతి కొన్నవాళ్లకు చెప్పే నాథుడు లేడు.

కేంద్ర ప్రభుత్వానిదే అయిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర 2017 నుంచి ఉచిత టూల్స్ ఇస్తోంది. మంచివే, నేనూ వాడతాను. కానీ అవి బాట్‌ల కోసం, అంటే మన కంప్యూటర్‌ను దొంగచాటుగా ఇంకొకరి చేతికిచ్చే ప్రోగ్రాముల కోసం. ఫ్యాక్టరీలో ఎక్కించిన ట్రయల్ ప్రోగ్రాం చట్టం దృష్టిలో దొంగ కాదు, పిలవని చుట్టం. అందుకే నేను పెన్‌డ్రైవ్‌తో విండోస్ మొత్తం కొత్తగా ఎక్కిస్తాను. ఇప్పటి లాప్‌టాప్‌లలో లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, మళ్లీ కొనక్కర్లేదు. ఇది తెలియనివాళ్ల దగ్గర కీ పేరు చెప్పి విడిగా డబ్బు గుంజే రిపేరువాళ్లూ ఉన్నారు. మా వాళ్లే, ఏం చేస్తాం.

ఇది స్లో అవడంతో పోయే బాధ కాదు. 2015లో లెనోవో లాప్‌టాప్‌లలో ముందే ఎక్కించిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాం బయటపడింది. బ్యాంకు సైట్లకు ఉండే తాళాన్ని కూడా అది మధ్యలో తన తాళంతో మార్చేసేది. యూరప్‌లో చట్టం గట్టిగా ఉంది కాబట్టి 2024 నుంచి అక్కడివాళ్లు విండోస్‌లోంచి దాంతోపాటే వచ్చే ఎడ్జ్ బ్రౌజర్‌ను కూడా తీసేసుకోగలుగుతున్నారు. అదే విండోస్ మారతహళ్లిలో ఆ వీలు ఇవ్వదు. మన దగ్గర 2025 డిసెంబర్‌లో, కొత్త ఫోన్లన్నిట్లో సంచార్ సాథీ అనే సర్కారు యాప్ ముందే ఉండాలన్న ఆదేశాన్ని జనం ఒప్పుకోకపోతే ప్రభుత్వమే కొద్దిరోజుల్లో వెనక్కి తీసుకుంది. సర్కారు యాప్‌కే తగ్గినప్పుడు ఆటల కంపెనీ ట్రయల్‌కు ఏం మర్యాద?

పధ్నాలుగో రకంగా దీన్ని చేర్చండి: అడగకుండా ఎక్కించి అమ్మడం. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఒక్క పేజీలో అన్నీ చూపించి, ఏవి కావాలో కొన్నవాళ్లనే అడగాలి. గడులన్నీ ఖాళీగా ఉండాలి. తీసేయమంటే షెడ్యూలర్‌లోదీ రిజిస్ట్రీలోదీ కలిపి వేళ్లతో సహా పోవాలి. ఇక డబ్బా సంగతి. ప్యాకెట్ సరుకుల మీద ఏమేం రాయాలో చెప్పే 2011 నిబంధనలూ మీ శాఖవే. వాటి వల్లే బిస్కెట్ ప్యాకెట్ మీద బరువు, ఎంఆర్‌పీ, తయారైన నెల కనబడుతున్నాయి. యాభై వేల లాప్‌టాప్‌లో ఏమేం పోసి పంపారో మాత్రం ఎక్కడా రాయరు.

సార్ లాప్‌టాప్ తీసుకుని డబ్బా నా షాపులోనే వదిలేసి వెళ్లారు. ఎంఆర్‌పీ చీటీ పక్కన అరచేయంత ఖాళీ ఉంది. కొలిచి చూశాను, చిన్న అక్షరాల్లో పదకొండు పేర్లు పడతాయి.

ఇట్లు,
మారతహళ్లి కంప్యూటర్ మెకానిక్