బీపీ మాత్రలతో పాటే ఆ మాత్రలూ ఇవ్వండి

అయ్యా,

మాది అనంతపురం జిల్లాలో బళ్లారి సరిహద్దు పక్క పల్లె. నా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు. మాత్రలు వేసుకున్నన్నాళ్లూ గొర్రెలు తోలుకెళ్తాడు, చెనక్కాయలు పీకే పనికి వస్తాడు, మా పాపకు ఎక్కాలు చెప్తాడు. మాత్రలు ఆగితే ముందు నిద్ర పట్టదు. ఆ తర్వాత ఎవరో తిడుతున్నారంటూ రాత్రంతా వాకిట్లో తిరుగుతాడు.

మాత్రలు ఆగేది వాడి మొండితనం వల్ల కాదు. దగ్గరి గవర్నమెంటు ఆస్పత్రికి పోతే స్టాక్ రాలేదు, అనంతపురం పొమ్మంటారు. తోడు ఒకరు పోవాలి. బస్సు చార్జీలు కాక ఇద్దరి కూలీ పోతుంది. పనుల కాలంలో వచ్చే వారం చూద్దాంలే అనుకుంటాం, అంతలో జబ్బు తిరగబెడుతుంది. మా అమ్మకు బీపీ మాత్రలు మాత్రం నెలనెలా ఊళ్లోనే అందుతున్నాయి. ఆశా కార్యకర్త గుర్తుపెట్టుకుని పిలిచి మరీ ఇస్తుంది. వాటితో పాటే తమ్ముడి మాత్రలు ఎందుకు రావు?

ఇది కొత్త కోరికేం కాదు. 1980ల్లోనే బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు మా పక్క బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీ) డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ఇలాంటి జబ్బులకు పల్లెల్లోనే వైద్యం చేయొచ్చని చూపించారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నుంచి పైనున్న ప్రభుత్వ ఆస్పత్రులన్నిటిలో ప్రభుత్వ అత్యావశ్యక మందుల జాబితాలోని ఈ మందులు ఎప్పుడూ ఉచితంగా దొరకాలి.

జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు దగ్గర చూపించుకునే అమ్మాయి, బస్సు చార్జీలకు డబ్బుల్లేక ఆస్పత్రికి రాలేకపోయి ప్రాణం తీసుకుంది. ఆ బాధతోనే ఆయన హరారేలో క్లినిక్కుల ఆవరణల్లో బల్లలు వేయించి, పెద్ద వయసు ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, దిగులుతో వచ్చేవాళ్లతో మాట్లాడించారు. తమ్ముడి జబ్బుకు మాటలు చాలవు, మాత్రలు తప్పవు. కానీ అక్కడా ఇక్కడా అడ్డుపడుతున్నది దూరమే.

మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఓపిగ్గా మాట్లాడారు, మాకు ధైర్యం వచ్చింది. మందు మాత్రం చేతికి అందాలి కదా. జిల్లా వైద్యాధికారులకు నా మనవి: స్పెషలిస్టు రాసిన చీటీ మీద నెలనెలా పీహెచ్‌సీలోనే మాత్రలు ఇప్పించండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్ల జాబితాలో వీళ్ల పేర్లూ చేర్చి, మాత్రలకు రాని వాళ్లను ఆశా కార్యకర్త వెళ్లి పలకరించేలా చూడండి. ఆమె మీద ఇప్పటికే పని ఎక్కువ, దీనికి వేరే డబ్బు ఇవ్వాలి.

తమ్ముడిని ఊళ్లో ఇంకా ‘పిచ్చోడు’ అనేవాళ్లున్నారు. అందుకే నా పేరు వేయొద్దని కోరుతున్నాను.

- ఒక అక్క, అనంతపురం జిల్లా