గ్రంథాలయ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కథల పోటీ, విహారయాత్ర రెండూ మానుకుని ఒక్క పని మీదే కూర్చున్నాం. పాత తెలుగు విజ్ఞాన సర్వస్వాలను వెతికి, చదివి, వీలైనవి ఫొటోలు తీయడం. తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు గారు పుట్టిన పెనుగంచిప్రోలు మనకు పక్క ఊరే కాబట్టి ఆయన పుట్టినరోజు, మే 18న మొదలుపెట్టాం.

ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం సంపుటం ఒకటి మన సభ్యుల ఇంట్లో అటక మీద దొరికింది. పేజీ తిప్పితే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. స్కానర్ మీద బోర్లా నొక్కితే కుట్టు ఊడుతుందని, స్టాండుకు ఫోన్ బిగించి కిటికీ వెలుగులో తీశాం. ఒకరు అట్టముక్కతో పేజీ లేపాలి, ఇంకొకరు ఫొటో తీయాలి. కాగితాలు ఎగురుతాయని ఫ్యాన్ ఆపేశాం. ఎండాకాలంలో అదెంత కష్టమో వచ్చినవాళ్లకే తెలుసు!

చర్చా సమావేశం మాత్రం వేడిగానే జరిగింది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి అనే పుస్తక ప్రచురణ సంస్థ పెట్టిన లక్ష్మణరావు గారు, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి వారిని తోడు తీసుకుని సర్వస్వానికి పూనుకున్నారు. 1923లో, 46 ఏళ్లకే కన్నుమూశారు. మూడు సంపుటాలతో, వర్ణమాల మొదట్లోనే పని ఆగిపోయింది. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు దాన్ని మళ్లీ తలకెత్తుకున్నారు.

పని మధ్యలో ఆగడానికి అకారాది క్రమం పట్టుకోవడమే పొరపాటని కొందరు వాదించారు. 1947లో మద్రాసులో ఏర్పడిన తెలుగు భాషా సమితి విషయాల వారీగా సంపుటాలు వేసింది కదా అన్నారు. నాకైతే ఆ మాట నచ్చలేదు. ఖండవల్లి లక్ష్మీరంజనం గారి సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి వచ్చిన సంగ్రహాంధ్ర విజ్ఞాన కోశమూ అకారాదే, అయినా ఎనిమిది సంపుటాల్లో పూర్తయింది. సంగ్రహంగా రాయించారు, చేతులూ ఎక్కువ పడ్డాయి. లక్ష్మణరావు గారు చాలా వ్యాసాలు తానే రాసుకోవాల్సి వచ్చింది, ఒక్కో వ్యాసమూ ఓ చిన్న పుస్తకమంత.

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో మన ఊళ్ల గురించి రాయడానికి శిక్షణ కూడా పెట్టాం. "మా తాతగారు చెప్పారు" అని ఆధారం ఇచ్చినవన్నీ తీసేశారు. కొందరు అలిగారు కానీ, తీసేయడం న్యాయమే.

ఖర్చు చందాల్లోనే సరిపోయింది, లెక్కలు నోటీసు బోర్డులో ఉన్నాయి. తెలుగు భాషా సమితి సంపుటాలు ఎవరింట్లోనైనా ఉంటే చదువుకోవడానికి ఇవ్వండి. వాటికి హక్కుల సంగతి ఉంది కాబట్టి ఫొటోలు తీయం.

ఇట్లు,
కార్యదర్శి