మంచు అడుగున పచ్చిక ఉందండీ ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ మాకు ఇచ్ఛాపురం మీదుగా వస్తుంది, గోపాల్‌పూర్ ఇవతల మా ఊరు చేరేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది, అప్పటికి నేను ఐస్ ప్లాంటులో ఫస్ట్ లోడు లెక్క రాసేసి టీ తాగుతుంటాను. మొన్న అలాగే చూశాను, అంటార్కిటికా చుట్టూ సముద్రం మీద మంచు తగ్గిపోతోందని మీరు వేసిన ఐటెమ్. లెక్కలు బానే ఉన్నాయి, కానీ ఫోటో కింద "జీవం లేని మంచు ఎడారి" అన్నారు చూడండి, అక్కడే పట్టుకుంది నాకు. ఇరవై రెండేళ్లుగా ఐస్ మీద బతుకుతున్నవాణ్ణి, మా నాన్న హుమ్మ ఉప్పు మళ్లల్లో పనిచేసినాయన, ఐసూ ఉప్పూ రెండూ చూసినోడు ఆ మాట ఒప్పుకోడండీ. ఆ మంచు లోపల కంటికి కనబడని నాచు బతుకుతుంది, అదెలాగో చెప్తాను.

పుల్లైస్ తిన్నారు కదా చిన్నప్పుడు, గట్టిగా చీకితే రంగూ తీపీ అంతా నోట్లోకి వచ్చేసి పుల్లకి తెల్లటి ఐస్ మిగుల్తుంది. నీళ్లు గడ్డకట్టేటప్పుడు తమలో కలిసిన సరుకుని పక్కకి నెట్టేస్తాయి, అందుకే మా ప్లాంటు దిమ్మ కూడా అంచులు అద్దంలా ఉండి నడిమి మాత్రం తెల్లగా ఉంటుంది, నెట్టుకొచ్చిన గాలీ మడ్డీ అక్కడ ఇరుక్కుంటాయి కాబట్టి. సముద్రంలోనూ అదే జరుగుతుంది. కిలో సముద్రపు నీళ్లలో 35 గ్రాముల దాకా ఉప్పుంటుంది, మైనస్ 1.8 డిగ్రీల దగ్గర అది గడ్డకట్టడం మొదలైతే ఉప్పుకి మంచులో చోటు దొరకదు, మిగిలిన కాస్త నీళ్లలోనే చిక్కబడి సన్నటి గొట్టాల్లాగా, చిల్లుల్లాగా మంచు నిండా ఉండిపోతుంది. మైనస్ 10 కి వస్తే ఆ నీళ్ల ఉప్పదనం సముద్రానికి నాలుగింతలు. గడ్డమాత్రం కట్టవు. మా ప్లాంటులో ఐసు డబ్బాలు దించే తొట్టిలో ఉండేదీ ఉప్పునీళ్లే, అవి ఎందుకు గడ్డకట్టవో తెలిసిన వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆ గొట్టాల్లోనే ఉంటున్నాయండీ జీవాలు. ఎక్కువగా డయాటమ్‌లు, అంటే గాజు పెంకు తొడుక్కున్న ఒంటి కణం నాచు, వాటితోపాటు బాక్టీరియా, వాటిని తినే ఇంకొన్ని సూక్ష్మజీవులు. ఉప్పు ఒంట్లో నీళ్లు లాగేయకుండా కణం లోపల కొన్ని పదార్థాలు తయారుచేసుకుని సరిపెట్టుకుంటాయి, చుట్టూ జిగురు వదుల్తాయి, కొన్నయితే మంచు పలుకులకి అతుక్కుని వాటిని పెరగనీకుండా చేసే ప్రోటీన్లు కూడా వదుల్తాయి. అద్దెకి దిగిన ఇంటి గోడలు తమకి నచ్చినట్టు మార్చుకోడం లాంటిది ఇది, మా ఓనరు అయితే ఊరుకోడు. మంచు మైనస్ 5 కంటే వేడెక్కితే ఈ గొట్టాలు ఒకదాంతో ఒకటి కలుస్తాయని 1998 లో కెనెత్ గోల్డెన్ అనే లెక్కల మాస్టారు, ఇంకొందరు కలిసి తేల్చారు, అప్పుడు కింద సముద్రంలోంచి ఎరువు లాంటి నైట్రేట్, సిలికా పైకి అందుతాయి. అందుకే ఆర్కిటిక్‌లో నాచు ఎక్కువగా మంచు అడుగు కొన్ని సెంటీమీటర్లలోనే పడుతుంది. పైన మంచు గడ్డా దానిమీద కురిసిన హిమమూ అడ్డం కాబట్టి వెలుతురు వందలో ఒక వంతు కూడా దిగకపోవచ్చు, దాంతోనే పెరుగుతాయి. పలక తిరగేస్తే అడుగు గోధుమ రంగు, టీ మరక లాగా. ఇదేం కొత్త సంగతి కాదు, 1839-43 మధ్య అంటార్కిటికా వైపు రాస్ అనే కెప్టెన్ నడిపిన ఓడల్లో వెళ్లిన మొక్కల శాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ అప్పుడే ఈ మరకలు చూసి డయాటమ్‌లని గుర్తుపట్టాడు.

మీరన్న ఎడారి సగటున ఫిబ్రవరిలో దాదాపు మన దేశమంత ఉంటుంది, సెప్టెంబరుకి అయిదు దేశాలంత పైన పెరుగుతుంది, అంత పొలం ప్రతి ఏడూ వేస్తారు ప్రతి ఏడూ కోస్తారు అనుకోండి. క్రిల్ అని రొయ్యలాంటిది ఉంది కదా, దాని పిల్లలు మొదటి చలికాలం మంచు అడుగున ఈ నాచుని గీక్కు తిని బతుకుతాయి, ఆ క్రిల్ మీద పెంగ్విన్లు, సీళ్లు, తిమింగలాలు. ఆర్కిటిక్‌లో మెలోసిరా అనే డయాటమ్ మంచు కింద జడల్లాగా వేలాడుతుంది. 2012 లో మంచు బాగా కరిగిన ఏడు పోలార్‌స్టెర్న్ అనే జర్మనీ పరిశోధన ఓడ మీద వెళ్లినవాళ్లు అది ముద్దలు ముద్దలుగా నాలుగు వేల మీటర్ల లోతున అడుగుకి పడిపోయి ఉండటం చూశారు, అక్కడి సముద్ర దోసకాయలు (పేరే అంత, జంతువులే) దాన్ని తింటున్నాయి. మంచు పల్చబడితే వెలుతురు పెరిగి కొన్నిచోట్ల నాచు ఎక్కువే పడొచ్చు, అది కూడా నిజమే, కానీ కరగడం ముందుకు జరిగితే నాచు పండే వేళకీ దాన్ని తినే పిల్లలు పుట్టే వేళకీ పొంతన తప్పుతుంది. చేపలు గుడ్లు పెట్టే వేళకని పెట్టే వేట నిషేధం తేదీలు పదిరోజులు అటూ ఇటూ అయితే ఏమవుతుందో మా వాడల్లో ఎవర్ని అడిగినా చెప్తారు.

హుమ్మలో నాన్న పనిచేసే మడిలో నీళ్లు చిక్కబడే కొద్దీ ఎర్రగా తిరిగేవి, "రంగొచ్చిందిరా, ఇంక దిగుద్ది" అనేవారు, ఉప్పు దిగుతుందని. ఆ ఎరుపు కూడా జీవమే, డ్యునాలియెల్లా అనే నాచూ ఉప్పులో బతికే ఇంకొన్ని సూక్ష్మజీవులూ. అవి మంచులోవి కావు, కానీ ఉప్పుతో పడే పాట్లు దాదాపు అవే. మరి మా పిల్లలకి ఇది ఎవరు చూపిస్తారు? మా అబ్బాయి చదివిన స్కూల్లో మైక్రోస్కోపు బీరువాలో తాళం వేసి ఉండేది, పదో తరగతి అయ్యేదాకా ఒక్కసారి కూడా తియ్యలేదు, పాడైపోద్దని. కాగితంతో మడిచే ఫోల్డ్‌స్కోప్ చేసిన మను ప్రకాష్ అనే ఆయన ఉన్నారు చూడండి, మనదేశంలో పుట్టినాయనే, ఆయన ల్యాబ్ వాళ్లే 2025 లో ఆర్కిటిక్ మంచులోని డయాటమ్‌లు మైనస్ 15 దగ్గర కూడా జారుతూ కదుల్తాయని చూపించారు. అంత సంగతి మా బోర్డర్ ఎడిషన్‌లో ఎక్కడా రాలేదు, సినిమా పేజీ మాత్రం రెండు.

అందుకని అడిగేది ఏంటంటే, ఈసారి మంచు ఫోటో వేసేటప్పుడు ఎలుగుబంటిదో పెంగ్విన్‌దో కాకుండా తిరగేసిన మంచు పలక ఒకటి వెయ్యండి, ఆ గోధుమరంగు కనబడేలాగా. జిల్లా విద్యాశాఖ వాళ్లు ఈ పేపర్ చదివితే వాళ్లకి ఒక మాట, గంజాం తీరం స్కూళ్లకి తెలుగు పిల్లలైనా ఒడియా పిల్లలైనా తలా ఒక కాగితం మైక్రోస్కోపు ఇచ్చి వేసవిలో ఒకరోజు ఉప్పు మళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. దారిలో మా ప్లాంటు పడుతుంది. మధ్యాహ్నం రెండు తర్వాత లోడు ఉండదు, ఓనర్ని నేను ఒప్పిస్తాను, ఒక దిమ్మ పగలగొట్టి నడిమి తెలుపు ఎందుకొచ్చిందో పిల్లలకి చూపిస్తాను.

ఇట్లు
ఒక పాఠకుడు,
గోపాల్‌పూర్ దగ్గర, గంజాం జిల్లా, ఒడిశా