ఉత్తర జపాన్ ఫొటోలు వేసేటప్పుడు ఆ ఊళ్ళ సంగతి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో జపాన్ మంచు ఊళ్ళ ఫొటోలు వేశారు, చూసి చాలా సంతోషమేసింది. మన పేపర్లలో జపాన్ అంటే టోక్యో సిగ్నల్ దగ్గర రోడ్డు దాటే జనం, ఫుజి కొండ, క్యోటో గుళ్ళు, అంతే, ఉత్తరం వైపు ఎవరూ పోరు, మీరు పోయారు. కానీ ఫొటోల కింద రాసిన నాలుగు లైన్లు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయా. ఇక్కడ నిలబడి ఫొటో దిగాల్సిందే అని స్పాట్ల పేర్లు వేశారు గానీ ఆ స్పాట్ ఎవరి పొలమో, ఎవరి వీధో, అక్కడ ఇప్పుడు ఏం రూల్స్ నడుస్తున్నాయో ఒక్క ముక్క లేదు. నేను ఫొటోగ్రాఫర్ని, కొన్నేళ్ళుగా తోహోకు (జపాన్ ప్రధాన ద్వీపంలో ఉత్తర భాగం), హొక్కైదో (దానికీ పైనున్న ద్వీపం) ఊళ్ళు తిరుగుతున్నా, ఎక్కువగా చలికాలంలో, ఎక్కువగా లోకల్ ట్రైన్లలో, అందుకని ఈ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు బియెయి సంగతి, మీరు అన్నిటికన్నా పెద్ద ఫొటో వేసింది దాన్నే కాబట్టి. హొక్కైదో మధ్యలో చిన్న ఊరు, చుట్టూ ఎత్తుపల్లాల పొలాలు, గోధుమ, బంగాళదుంప, చక్కెర దుంప మార్చి మార్చి వేస్తారు కాబట్టి ఎండాకాలంలో ఎత్తు మీద నుంచి చూస్తే రంగు రంగుల గుడ్డముక్కలతో కుట్టిన బొంత పరిచినట్టు ఉంటుంది. మయెదా షిన్‌జో అనే ఫొటోగ్రాఫర్ 1970ల్లో ఈ పొలాల్ని తీయడం మొదలుపెట్టాడు, ఆయన ఫొటోల వల్లే ఈ ఊరు బయటి జనానికి తెలిసింది, 1987లో అక్కడే మూతబడ్డ ఒక బడిని తకుషిన్‌కన్ అనే గ్యాలరీ చేశాడు, బియెయి వెళ్ళేవాళ్ళు ముందు అక్కడికి వెళ్ళి ఆయన ఫొటోలు చూసి తర్వాత పొలాల వైపు పోతే బావుంటుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఆయన ఫ్రేముల్లో పంట ఉంటుంది, దున్నిన చాళ్ళు ఉంటాయి, అక్కడ ఎవరో పని చేస్తున్నారన్న సంగతి కనిపిస్తుంది.

ఆ ఊళ్ళోనే కొంచెం పక్కకి వంగిన ఒక పాప్లార్ చెట్టు ఉండేది, తత్వవేత్త చెట్టు అని పేరు, ఏదో ఆలోచిస్తూ తల వంచుకున్నట్టు ఉంటుందని. దాని ఫొటో కోసం జనం పొలంలోకి దిగిపోయేవాళ్ళు, బోర్డులు పెట్టినా దిగేవాళ్ళు, చివరికి 2016 ఫిబ్రవరిలో ఆ పొలం ఆసామి చెట్టు కొట్టించేశాడు. చెట్టు కూడా ముసలిదైంది నిజమే, కానీ రైతు విసిగిపోయింది మాత్రం ఫొటోల వాళ్ళ వల్లే. తర్వాత 2025 జనవరిలో రోడ్డు పక్కన వరసగా ఉండే తెల్ల బర్చ్ చెట్లు, సుమారు 40 ఉంటాయి, అవీ కొట్టేశారు, పొలం మీద నీడ పడుతుందన్నది ఒక కారణం, ఆ చెట్ల కోసం వచ్చి రోడ్డు మీద బళ్ళు ఆపేవాళ్ళ గోల ఇంకో కారణం. ఇక్కడ పొలంలోకి దిగొద్దు అనడం ఊరికే మర్యాద కోసం చెప్పే మాట అనుకోకండి, బూట్లకి అంటుకొచ్చిన మట్టిలో బంగాళదుంపని పాడుచేసే సన్న పురుగులు ఉండొచ్చు, అవి ఒకసారి నేలలో చేరితే ఏళ్ళ తరబడి వదలవు. చలికాలంలో అంతా మంచే కదా అనుకుంటారు, ఆ మంచు కింద శరదృతువులో వేసిన గోధుమ ఉంటుంది, మంచుని తొక్కి గట్టి చేస్తే కింద మొలక దెబ్బ తింటుంది. రోడ్డు మీద నిలబడి లెన్స్ మార్చుకోండి చాలు, ఆ పొలాలకి దూరం నుంచి 100, 200 మిల్లీమీటర్ల లెన్సే బావుంటుంది, లోపలికి వెళ్ళి వైడ్ లెన్స్ పెడితే ఆ వంపులన్నీ చదునైపోతాయి.

బియెయి పక్కనే నీలం చెరువు ఉంది, 2012లో ఆపిల్ కంప్యూటర్లలో వాల్‌పేపర్‌గా వచ్చినప్పటి నుంచి ప్రపంచమంతా తెలుసు, మీరూ వేశారు. అది ప్రకృతి ఇచ్చిన చెరువు అని రాశారు, కొంచెం సరిచేయండి, 1988లో తొకాచి అగ్నిపర్వతం పేలాక బురద ఊళ్ళ మీదకి రాకుండా నదికి అడ్డంగా కట్టలు కట్టారు, వాటి వెనకాల నీళ్ళు నిలిచి అయింది అది. ఫొటోలో నీళ్ళ మధ్య కనిపించే ఎండిన చెట్లు నీళ్ళు పెరిగి మునిగిపోయినవి.

ఇక గిన్‌జాన్, వేడినీటి బుగ్గల ఊరు. తోహోకులో యమగత ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది), ఒబనజావ దగ్గర, సన్న ఏరు మధ్యలో, రెండు వైపులా మూడు నాలుగు అంతస్తుల చెక్క సత్రాలు, సాయంత్రం గ్యాస్ దీపాలు వెలిగి మంచు పడుతుంటే ఫొటో ఎవరు తీసినా బానే వస్తుంది, అదే దానికి కష్టం తెచ్చింది. వీధి ఎంత ఇరుకంటే పదిమంది ట్రైపాడ్లు పెడితే దారే లేదు, వంతెన మీద చోటు కోసం గొడవలు, మంచులో ఇరుక్కున్న కార్ల వల్ల అంబులెన్స్‌కి కూడా దారి దొరకని పరిస్థితి వచ్చిందంట. అందుకని 2024-25 చలికాలం నుంచి రూల్ పెట్టారు, బయటి నుంచి వచ్చేవాళ్ళు కార్లు దూరంగా ఆపి షటిల్ బస్సు ఎక్కాలి, సాయంత్రం 5 తర్వాత ఉండాలంటే ముందే టికెట్ తీసుకోవాలి, రాత్రి 8 దాటాక సత్రాల్లో బస చేసేవాళ్ళు తప్ప ఎవరూ ఉండకూడదు. మీ పేజీ చూసి ఎవరైనా పిల్లాపాపల్తో సాయంత్రం ఆరింటికి అక్కడ దిగితే ఏం కావాలి చెప్పండి, తిరిగి పొమ్మంటారు, మంచులో. ఈ రూల్స్ ఏ ఏటికా ఏడు మారొచ్చు కాబట్టి వెళ్ళే ముందు చూసుకోమని ఒక లైన్ వేస్తే సరిపోయేది.

ఇదంతా అక్కడికి వెళ్ళొద్దని రాయట్లేదు, వెళ్ళండి, కానీ మూడు స్పాట్లకే అందర్నీ పంపకుండా మిగతా ఉత్తర జపాన్‌ని కూడా చూపించమని అడుగుతున్నా. చూపించడానికి ఎంత ఉందో చెప్తా.

తదామి లైన్ అని ఫుకుషిమాలో ఐజు-వకమత్సు నుంచి నీగత వైపు కొయిదె దాకా పోయే 135 కిలోమీటర్ల రైలు దారి ఉంది. నది పక్కనే, నది మీదుగా, మళ్ళీ నది పక్కనే. 2011 జులై వానలకి మూడు వంతెనలు కొట్టుకుపోయాయి, మధ్య భాగం 11 ఏళ్ళు మూతబడింది, ఎక్కే జనమే తక్కువ కాబట్టి బస్సు వేసేసి వదిలేద్దాం అన్న మాట వచ్చింది, ఊళ్ళ వాళ్ళు ఒప్పుకోలేదు, చివరికి ఆ భాగం పట్టాలు ప్రిఫెక్చర్ తీసుకుని, రైళ్ళు మాత్రం జేఆర్ ఈస్ట్ అనే రైల్వే కంపెనీ నడిపేలా ఒప్పందం చేసుకుని 2022 అక్టోబర్ 1న మళ్ళీ మొదలుపెట్టారు. ఆ భాగంలో ఇప్పటికీ రోజుకి అటు మూడు, ఇటు మూడు ట్రైన్లే. ట్రైన్ కనిపిస్తే చెయ్యి ఊపమని తదామి ఊరు ఏకంగా ఒక స్థానిక చట్టమే చేసుకుంది, నిజంగానే ఊపుతారు, పొలంలో ఉన్న పెద్దావిడ చేతిలో పని ఆపి ఊపుతుంది, కిటికీ పక్కన కూర్చుంటే ఎంత బావుంటుందో. ఈ లైన్ మీదే ఉన్న మిషిమా ఊళ్ళో రోడ్డు పక్క విశ్రాంతి కేంద్రం నుంచి కొండెక్కి చూస్తే నది మీది మొదటి రైలు వంతెన కనిపిస్తుంది, అక్కడ ఫొటోల వాళ్ళ కోసమే మెట్లూ, నిలబడే చోట్లూ కట్టారు, ట్రైన్ వచ్చే టైములు రాసి పెట్టారు. వేసవి పొద్దున్నే నది మీద పొగమంచు లేస్తుంది, కొండల నుంచి వచ్చే చల్లటి నీళ్ళ మీద వెచ్చటి గాలి తగిలి, ఆ పొగలోంచి రెండు పెట్టెల ట్రైన్ వంతెన మీదకి రావడం కోసం ఎంతసేపైనా నిలబడొచ్చు. అయితే చాలామంది కార్లో వచ్చి ఫొటో తీసుకుని కార్లోనే పోతారు, ట్రైన్‌కి ఒక్క యెన్ రాదు. నేను మీ పాఠకుల్ని కోరేది ఒకటే, ఒకవైపైనా టికెట్ కొని ఎక్కండి, ఊళ్ళో దిగి భోజనం చేయండి. హొక్కైదోలో చూస్తూ చూస్తూ లైన్లు పోతున్నాయి, 2023లో రుమోయి దాకా పోయే భాగం మూసేశారు, 2024 మార్చి 31తో ఫురానో నుంచి షింతొకు మధ్య లైన్ మూతబడింది. ఆఖరి రోజుల్లో మాత్రం ప్లాట్‌ఫాం పట్టనంత మంది కెమెరాలతో వస్తారు, మామూలు రోజుల్లో పెట్టెలో ఇద్దరు ముగ్గురు బడి పిల్లలూ ఆస్పత్రికి పోయే ముసలివాళ్ళూ తప్ప ఉండరు, అది చూసినప్పుడు మనసు కలుక్కుమంటుంది.

తదామి నుంచి ఇంకా పైకి పోతే, హొక్కైదోకి ఇవతల, అవొమొరిలో త్సుగారు అనే ప్రాంతం. గొషొగవార నుంచి త్సుగారు నకసతొ దాకా 20.7 కిలోమీటర్ల చిన్న రైల్వే, డిసెంబర్ నుంచి మార్చి దాకా పాత పెట్టెలో బొగ్గు పొయ్యి పెట్టి నడుపుతారు, పొయ్యి మీద ఎండు స్క్విడ్ కాల్చి ఇస్తారు, పెట్టె అంతా ఆ వాసనే. బయట ఆకాశం నుంచి పడే మంచు కన్నా నేల మీది మంచుని గాలి లేపి కొట్టేది ఎక్కువ, ముందున్న మనిషి కనిపించడు. ఈ నేలని ఫొటోలు తీసినవాడు కొజిమా ఇచిరో, అవొమొరి వాడే, 1924లో పుట్టి 1964లో 39 ఏళ్ళకే పోయాడు, నల్లటి మబ్బులు, మంచులో వంగి నడిచే మనుషులు, తెలుపూ నలుపూ తప్ప మధ్యలో ఏమీ మిగలనంత గట్టి ప్రింట్లు. చలికాలంలో ఉత్తర జపాన్‌ని ఆయనంత నిజంగా తీసినవాళ్ళు నాకు తెలిసి లేరు. అలాగే సకాత అని యమగతలో రేవు ఊరు, ఫొటోగ్రాఫర్ దొమొన్ కెన్ పుట్టిన ఊరు, ఆయన తన జీవితమంతా తీసిన సుమారు 70,000 ఫొటోలు సొంత ఊరికే ఇచ్చేశాడు, వాటికోసం 1983లో చెరువు పక్కన మ్యూజియం కట్టారు, ఆర్కిటెక్ట్ తనిగుచి యొషియో డిజైన్, ఒక్క ఫొటోగ్రాఫర్ కోసం ఇలాంటిది కట్టుకున్న ఊరు గురించి మీ పేజీలో సగం వేసినా తక్కువే.

హొక్కైదోలో త్సురుయి అనే ఊరి కొంగలు కూడా. తల మీద ఎర్ర మచ్చ ఉండే ఈ కొంగలు జపాన్‌లో అంతరించిపోయాయనే అనుకున్నారు, 1924లో కుషిరో చిత్తడి నేలల్లో కొద్దిగా కనిపించాయి, తర్వాత చలికాలంలో తిండి దొరక్క చస్తుంటే అక్కడి రైతులు మొక్కజొన్న వేసి బతికించారు. ఇప్పుడు తెల్లవారుజామున మైనస్ 20 దగ్గర ఒతొవా బ్రిడ్జి మీద వరసగా కెమెరాలు, కింద గడ్డకట్టని ఏట్లో కొంగలు, నీటి ఆవిరి కొమ్మల మీద పేరుకుని చెట్లన్నీ తెల్లగా. బ్రిడ్జి మీదే ఉండాలి, ఏటి గట్టుకి దిగకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. ఆ చలికి బ్యాటరీలు త్వరగా అయిపోతాయి, స్పేర్‌వి లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి, గదిలోకి పోయేముందు కెమెరాని బ్యాగ్‌లో మూసేసి అలాగే కాసేపు వదిలేయాలి, లేకపోతే లెన్స్ లోపల చెమ్మ పడుతుంది. మంచుని తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచాలి, అంటే కెమెరాలోకి వెలుగు రెట్టింపు రానివ్వాలి, లేకపోతే బూడిద రంగులో వస్తుంది.

యమగత వైపు జావో కొండ మీద మంచు రాక్షసులు అని వేశారు కదా, వాటి కింద ఉన్నవి నిజమైన చెట్లు, ఫర్ చెట్లు, గడ్డకట్టని చల్లటి నీటి బిందువులు గాలికి వచ్చి తగిలి అక్కడికక్కడ గడ్డకట్టి అలా తయారవుతాయి. 2013 నుంచి పురుగులు పట్టి ఆ చెట్లు విపరీతంగా చచ్చిపోయాయి, ఆకులేని మోడుకి ఆ ఆకారం సరిగా రాదు, అందుకని కింద నుంచి నారు తెచ్చి పైన నాటుతున్నారు, ఆ నారు పెద్దవడానికి కొన్ని దశాబ్దాలు పడుతుంది. ఈ సంగతి లేకుండా ఆ ఫొటో వేస్తే సగం సంగతే చెప్పినట్టు.

చివరిగా తోహోకు తూర్పు తీరం. రికుజెన్‌తకాతలో సముద్రం ఒడ్డున దాదాపు 70,000 పైన్ చెట్లు ఉండేవి, 2011 మార్చి 11 సునామీకి ఒక్కటి మిగిలింది, అదీ ఉప్పునీళ్ళకి వేళ్ళు కుళ్ళి 2012లో చచ్చిపోతే నిలబెట్టి భద్రపరిచారు. అక్కడ ఫొటో తీసుకోవచ్చు, ఎవరూ వద్దనరు, పక్కనే సునామీ మ్యూజియం ఉంది, ముందు అది చూడండి, ఆ చెట్టు ముందు నవ్వుతూ సెల్ఫీలు మాత్రం వద్దు, అక్కడ పని చేసేవాళ్ళలో ఇంట్లోవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

ఇకమీదట ఇలాంటి ఫొటో వేసినప్పుడు పక్కన చిన్న బాక్స్ పెట్టండి సార్, నేల ఎవరిది, ఎక్కడ నిలబడాలి, ఏ ట్రైన్ ఎక్కాలి, రాత్రి ఎక్కడ ఉండాలి, డ్రోన్ ఎగరేయొచ్చా లేదా, జపాన్‌లో 100 గ్రాములు, ఆ పైన బరువున్న డ్రోన్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి అదీ. ఉత్తరం పెద్దదైపోయింది, తగ్గించి వేసుకోండి పర్లేదు, బియెయి పొలాల సంగతీ గిన్‌జాన్ సాయంత్రం రూలూ మాత్రం కొయ్యకండి, చలికాలానికి వెళ్ళేవాళ్ళు టికెట్లు ఇప్పుడే కొనుక్కుంటుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక ఫొటోగ్రాఫర్