గర్భస్రావానికి ఆమె సంతకం చాలు

సంపాదకులకు నమస్కారం.

గర్భస్రావంపై సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న ఇచ్చిన తీర్పు పెళ్లికాని స్త్రీలకు దక్కిన విజయంగానే ఎక్కువగా ప్రచారంలోకి వచ్చింది. అది నిజమే గానీ, పెళ్లయిన స్త్రీలకూ, మైనరు బాలికలకూ, వైద్యులకూ సంబంధించి ఆ తీర్పు చెప్పినవి అంతకంటే తక్కువేమీ కావు. వాటిలో చాలా భాగం మన ఆసుపత్రుల గడప దాటినట్టు కనిపించదు.

కేసు ఒక 25 ఏళ్ల అవివాహితది. గర్భస్రావ చట్టం (ఎంటీపీ) కింద 20 నుంచి 24 వారాల మధ్య గర్భస్రావానికి వీలున్నవారి జాబితాలో గర్భంతో ఉండగా భర్తను కోల్పోయినవారు, విడాకులు పొందినవారు ఉన్నారే తప్ప ఆమెలాంటివారు లేరంటూ ఢిల్లీ హైకోర్టు అనుమతి నిరాకరించింది. జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ బోపన్న, జస్టిస్ పార్దీవాలా ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చి, పెళ్లి అయిందా లేదా అన్నదాన్ని బట్టి తేడా చూపడం సమానత్వ హక్కునిచ్చే రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని తేల్చింది. భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా, ఈ చట్టం మేరకు మాత్రం, అత్యాచారం వల్ల వచ్చినదిగానే చూడాలనీ, అందుకు ఎఫ్‌ఐఆర్ ఉండి తీరాలన్న నియమం లేదనీ చెప్పింది. అత్యాచారం విషయంలో క్రిమినల్ చట్టం నేటికీ భర్తకు ఇస్తున్న మినహాయింపును గుర్తుంచుకుంటే, ఈ మాటకున్న బరువేమిటో తెలుస్తుంది.

ఇక ఓపీ బల్ల దగ్గరికి వెళ్లి చూడండి. ‘మీ ఆయన వచ్చాడా? అత్తగారికి తెలుసా?’ అన్నవే మొదటి ప్రశ్నలు. చట్టం నిర్దేశించిన సమ్మతి పత్రం ‘ఫారం సి’లో భర్త సంతకానికి చోటే లేదు. 18 ఏళ్లు నిండిన స్త్రీ సంతకమో వేలిముద్రో చాలు. మైనర్ల విషయంలో, మానసిక అస్వస్థత ఉన్నవారి విషయంలో మాత్రమే సంరక్షకుల సమ్మతి కావాలి. కుటుంబ సభ్యుల అనుమతి, చట్టం అడగని కాగితాలు, కోర్టు ఉత్తర్వులు తెమ్మనడానికి ఏ ఆధారమూ లేదని తీర్పు స్పష్టంగా చెప్పింది. మైనరు బాలిక విషయంలో పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు సమాచారం ఇవ్వాల్సి వచ్చినా, ఆమె, ఆమె సంరక్షకులు కోరితే పేరు, వివరాలు బయటపెట్టనక్కర్లేదనీ చెప్పింది. తిప్పి పంపిన ఆడమనిషి ఊరుకుంటుందా? ఆర్‌ఎంపీ దగ్గరికో, మందుల షాపుకో వెళుతుంది.

అదే ఏడాది జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కుకు 1973 నుంచి ఉన్న రక్షణను తీసేసినప్పుడు, మన దేశమే నయమని చాలామంది అనుకున్నారు. గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించిన టెక్సాస్‌లో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకు ఆ మాట ఊరికే అన్నదిగా తోచదు. అయితే మన చట్టంలోనూ చివరి మాట స్త్రీది కాదు: 20 వారాల వరకు ఒక వైద్యుడు, 24 వారాల వరకు ఇద్దరు వైద్యులు సరేనని అభిప్రాయపడాలి. ఆ పైన, తల్లి ప్రాణం కాపాడటానికి అప్పటికప్పుడు చేయాల్సి వస్తే తప్ప, పిండంలో తీవ్ర లోపాలున్నట్టు మెడికల్ బోర్డు తేల్చాలి. 2023 అక్టోబరులో 26 వారాలు దాటిన, ఇద్దరు బిడ్డల తల్లికి అదే సుప్రీంకోర్టు అనుమతి నిరాకరించింది. 2022 తీర్పును ఆకాశానికెత్తేవారు ఈ సంగతీ చెప్పాలి.

లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు ప్రతి స్కానింగ్ సెంటర్‌లో ఉంటుంది, ఉండాల్సిందే. దాని పక్కన గర్భస్రావ చట్టం గురించి ఒక్క ముక్కా లేకపోవడంతో గర్భస్రావమే నేరమనుకునేవారు తయారయ్యారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య శాఖలు ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో, గుర్తింపు పొందిన ప్రతి ప్రైవేటు కేంద్రంలో తెలుగులో ఇంకో బోర్డు పెట్టించాలి. ఎన్ని వారాల వరకు అనుమతి ఉంది, ఎవరి సంతకం కావాలి, వివరాలు బయటపెడితే వైద్యుడికి ఏడాది వరకు జైలు పడవచ్చన్న నిబంధన ఏమిటి, వెనక్కి పంపితే ఎవరికి ఫిర్యాదు చేయాలి అన్నవి అందులో రాయించి, కింద జిల్లా వైద్యాధికారి ఫోన్ నంబరు వేయించాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు